వంతు

కొత్త ఆట దిగింది.
దేవరకొండ డిపో ఎదురుంగ, జిరాక్సు దుకాణం మీది అర్రల
మూడే కంప్యూటర్లు నావి. ఒకదానికి పక్క రేకు లేదు,
లోపల ఫ్యాను తిరుగుడు బయటికే కనపడ్తది.
దాంట్లకే ఎక్కిచ్చిన ముందుగాల, ఆకాశాన్ని.

ఉరికే ఆట కాదిది.
నువ్వొక ఎత్తు వేస్తవు, అవతలోడు ఒక ఎత్తు వేస్తడు.
నడుమ చుక్కలన్నీ ఊపిరి బిగవట్టి నిలవడ్తయి.
మూలకు ఒక మీట ఉంటది,
నా వంతు అయిపోయిందని నువ్వు ఒత్తేదాక
ఏ లోకమూ కదలదు.

"ఏందన్నా, రెండో బంతి బువ్వకు ఆగినట్టు!"
జహంగీరు మొదటి రోజే లేచి నిలవడ్డడు.
బోరు బండి మీద పని వానిది, రాత్రంత రాడ్లు దించుతడు.
"తుపాకి ఒత్తంగనే పేలాలె గని
తారీఖిచ్చి పేలుడేంది, కోర్టు లెక్క?"
తిట్టుకుంటనే మల్లొచ్చిండు, తెల్లారి, అటెన్క తెల్లారి.
ఎర్ర గ్రహం మీద తవ్వకం పెట్టి ఒకనాడు గట్టిగ నవ్విండు.
"మూడు వంతులు తవ్వితే ప్రతిసారి నీళ్లు పడుడేనా?
ఈ ఆట కట్టినోడు చింతపల్లి దిక్కు
ఒక్క బోరన్న ఏసిండా?
తొమ్మిదొందల ఫీట్లకు తెల్లగ దుమ్ము లేస్తది సూడు,
ఆసామి మీసాల మీద వాలుతది సూడు,
అది పెట్టమను ఆటల."

నేనావత్ రోజా ఎక్కువ మాట్లాడదు.
పాలిటెక్నిక్ నోటుబుక్కు ఎనుక పేజీల
ఇంధనం, ఇనుము, గింజలని మూడు గీతలు గీసుకుంటది.
ఇప్పటికి నాలుగుసార్లు గెలిచింది.
"మొదలు బాగుంది సార్, నూరో వంతు దాటినంకనే విసుగు.
ఒక్కో ఓడను పిలిచి పని చెప్పుడే సరిపోతది,
రేషను దుకాణంల వేలిముద్రల తీర్గ.
శత్రువుకైతే బుర్రే లేదు,
ఎప్పుడూ ఉత్తరం దిక్కు నుంచే వస్తడు."
ఆకాశంల ఉత్తరమేందని నేనడగలే.

కింద ఏటీఎం కావలి బాల్నర్సయ్య ఆడడు.
అచ్చంపేట కాడి మనిషి, సగం ఆయుష్షు
పరాయి రాష్ట్రాల కాల్వలు తవ్వివచ్చిండు.
మా కుర్చీల ఎనుక నిలవడి ఒకటే అడిగిండు:
"ఆ ఓడల ఎంతమందున్నరు?"
"నాలుగు వేలు. కొత్త గ్రహానికి తోలుతున్నం."
"పేర్లున్నయా?"
"లెవ్వు. అంకె ఒక్కటే."
"మేస్త్రి బుక్కుల గూడ గంతే" అన్నడు,
కొంచెం ఆగి,
"మల్ల తిరిగొచ్చే మీట యాడుంది?"
ముగ్గురం కలిసి వెతికినం.
రోజా ఆఖరి పేజీ దాక చదివింది.
డ్యూటీ టైమైందని ఆయన మెట్లు దిగిండు.

అచ్చాలు మర్రిగూడ నుంచి రెండు గంటల బస్సుకొస్తడు.
పద్నాలుగు మెట్లు, మేనల్లుడు ఎత్తుకొని తెస్తడు.
చిన్నప్పటి నీళ్లు బొక్కలల్ల చేరి వంచినయి ఆయనను.
"వేరే ఆటలల్ల నా వేలు పోయేసరికే సచ్చిపోతుంటి.
ఇది గదమదు" అన్నడు, అంతే ఆయన అభిప్రాయం.
ఒక్క ఎత్తుకు ఏడు నిమిషాలు, ఒక్కోసారి పది.
జహంగీరు పోయి చాయ్ తాగొస్తడు,
మూలకు మీట మెరుస్తనే ఉంటది.
నీలంగ మెరిసే గ్రహం దొరికితే
అందరం ఎగవడి దిగుతం.
ఆయన దిగడు. ఒక వంతు పోగొట్టుకొని
పరీక్ష ఓడను తోలుతడు.
"దండుగ అన్నా, ఈ ఆటల చెడ్డ నీళ్లు లెవ్వు" అంటది రోజా.
"సూడనీకి మా నీళ్లు గూడ మంచిగనే ఉండె" అంటడు.

నాకు గంటకు ఇరవై రూపాయలు, నిదానం ఆటనే లాభం.
అచ్చాలుకు మటుకు లెక్కెట్ల కట్టాలె,
ఆలోచించినందుకా, ఆడినందుకా,
ఇప్పటికీ తెగలే.

నిన్న ఆఖరి బస్సుకని సగం ఎత్తుల లేచిపోయిండు.
షట్టరు గుంజబోయి సూస్తే
పరీక్ష ఓడ ఇంకా నడిమిట్లనే ఉంది.
తెర ఒక్కటే ఆర్పిన.
రేకు లేని దిక్కు నుంచి
ఫ్యాను తిరుగుడు ఇనవడుతుండె.